గుమ్మం పట్టని భోషాణం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మహాయుద్ధం జరిగింది. ఒక పక్క మా పెదనాన్న, ఇంకో పక్క మా మామ్మ, మధ్యలో భూమి కంపించి... అబ్బే, అంత లేదు. మామ్మ ఒక చెక్క పెట్టె చేయించుకుంది. అంతే.

మా ఇల్లు బరంపురం పాత ఇళ్ళలాగే వీధికి సన్నగా, లోపలికి పొడుగ్గా, గది వెనక గదిగా ఉంటుంది. గుమ్మాలన్నీ ఇరుకు. అందుకే మా వీధిలో ఎవరు మంచం చేయించుకున్నా వడ్రంగికి ముందు గుమ్మం చూపిస్తారు, తర్వాతే చెక్క. వీధి గది మామ్మది. దారిన పోయేవాళ్ళందరికీ కిటికీలోంచి అడగని సలహాలిస్తూ ఆవిడ అక్కడే ఉండేది. పెదనాన్నేమో ఆ గదిని మొబైల్ షాపుకి అద్దెకిచ్చి, మామ్మని వంటింటి పక్క గదిలోకి మారుద్దామనుకున్నాడు. "అక్కడ నీకు సల్లగా ఉంటాదమ్మా" అన్నాడు. నిజమే, ఎండ రావడానికి ఆ గదికి కిటికీ అంటూ ఉంటే కదా.

మామ్మ తలూపింది. ఒప్పుకుందనుకున్నాడు పెదనాన్న. పుట్టినప్పటినుంచీ ఆవిడ కొడుకే అయినా అలా ఎలా అనుకున్నాడో!

అంతకుముందు ఏడాది తుఫానుకి తాతయ్య నాటిన పనసచెట్టు కూలింది. ఆ రోజు పెదనాన్న దాని మొదలు పట్టుకుని, "మా నాన్న సేతి సెట్టు" అని వీధంతా వినేలా ఏడ్చాడు. మామ్మ ఏడవలేదు, పలకలు కోయించి ఆరబెట్టించింది. ఇప్పుడు వడ్రంగిని పిలిపించి, ఆ పలకలతోనే ఇత్తడి సామానుకి భోషాణం కావాలంది. పని తన గదిలోనే జరగాలంది. అతను టేపు పట్టుకుని అలవాటుగా గుమ్మం వైపు నడిస్తే, "గుమ్మంతో నీకేటి పని? గోడ కొలుసుకో" అంది.

పలకలు ఒకదాన్లో ఒకటి దిగేలా తొలిచి, చెక్క చీలలు కొట్టి, జిగురు పెట్టాడు. ఇక విప్పడానికి లేదు. "మామ్మా, ఇది గుమ్మం పట్టదే" అన్నాను ఉండబట్టలేక. తొడ మీద గట్టిగా గిల్లింది. గిల్లుతూ నవ్వింది.

షాపతను గది చూడ్డానికి వచ్చిన రోజు పెదనాన్న పెట్టెని బయటికి తీయించబోయాడు. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా. ఊహూఁ.

"ఇదేటమ్మా, ఇంత పెద్దది సేయించీసినావు! కొలత సూసుకోవా?"

"సూసుకునే సేయించాన్రా."

"మరెలా ఎల్తాది?"

"ఎల్లదు. నేనూ ఎల్లను. కావాలంటే రంపం తెచ్చి కోయించు. మీ నాన్న సేతి సెట్టే కదా, నీకేటి మొహమాటం?"

పెదనాన్న రంపం మాట ఎత్తలేదు. షాపతను టీ తాగి వెళ్ళిపోయాడు. మామ్మ పెట్టె మీదికెక్కి కూర్చుని, గోపాల్‌పూర్ నుంచి చేపలు తెచ్చే ఆవిడతో బేరం మొదలుపెట్టింది.

ఇప్పటికీ ఎవరైనా నా మంచి కోసమేనంటూ నన్ను పక్కకి జరగమంటే నేను వాదించను. తలూపి, కదిలించడానికి వీల్లేని పని ఏదో ఒకటి మొదలుపెడతాను. ఎదురుతిరగడానికి అన్నిసార్లూ గొంతు పెంచక్కర్లేదని ఆ గిల్లుతోనే నాకు తెలిసింది.

మామ్మ పోయాక ఆ గది నాకొచ్చింది. పెట్టె వెనక్కి చీపురు దూరదు. ఆ మూల ఇంతవరకూ ఎవరూ ఊడవలేదు.