వారానికి మూడు రోజులే

విజయలెచ్చుమికి అబద్ధం ఆడటం చేతకాదు. అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్క అబద్ధం రాసింది, అదీ తనకే నష్టం వచ్చేలా.

మలేసియాలోని క్లాంగ్‌లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఆమెది ప్యాకింగ్ పని. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నది తనూ, అత్త అచ్చమ్మా. పోయిన ఏడాది అచ్చమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. మంచం మీంచి లేపాలన్నా, ముద్ద కలిపి పెట్టాలన్నా పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. అందుకని లెచ్చుమి సూపర్‌వైజర్ కుగన్‌ను బతిమాలుకుని ఆరు రోజుల పనిని మూడు రోజులకు తగ్గించుకుంది. ఆ మూడు రోజులూ ముసలామెను పక్కింటివాళ్లు కనిపెట్టుకునేవారు. జీతం సగమైంది.

ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే సాయానికి అర్జీ పెట్టింది. నెల జీతం అన్న చోట మాత్రం పాతదే, ఆరు రోజుల జీతమే రాసింది. ఆమెను తప్పు పట్టి లాభం లేదు. రెండు వైపుల పెద్దలూ తెలుక్ ఇంటాన్ అనే ఊరి దగ్గర తోటల ఎస్టేటులో కూలి చేసి బతికినవాళ్లు. బియ్యం కొలవాలన్నా, ఇల్లు ఉంచాలన్నా, అక్కడి గుమాస్తా చూసేది ఒక్కటే: నెలలో ఎన్ని రోజులు పనికొచ్చావని. పని తగ్గితే అన్నీ తగ్గేవి. "ఆఫీసోళ్ల కాడ పని తగ్గిందని నోరు జారకే" అని కోడలు కాపురానికి వచ్చిన కొత్తలోనే అచ్చమ్మ నూరిపోసింది. ప్రభుత్వం కూడా అలాంటి గుమాస్తాయే అనుకుంది లెచ్చుమి.

ఆదాయం ఎక్కువగా ఉందని అర్జీ తిరిగొచ్చింది.

ఇక చేసేదేముంది? వచ్చే నెల నుంచి ఆరు రోజులూ వస్తానని కుగన్‌తో చెప్పేసింది. అచ్చమ్మను వృద్ధాశ్రమంలో చేర్చడానికి సోమవారం రమ్మన్నారు. సంచిలో అత్త చీరలు సర్దింది. అచ్చమ్మ మంచం మీంచి చూస్తూనే ఉంది. తిట్టినా బాగుండుననిపించింది లెచ్చుమికి.

శనివారం పక్కింటి జాక్వెలిన్ వచ్చింది. సైబర్‌జయలో కంప్యూటర్ కంపెనీ ఉద్యోగం ఆ పిల్లది. సంగతి విని, అర్జీ ఫోన్‌లో తెరిచి, జీతం చీటీ పక్కన పెట్టి చూసింది.

"ఆంటీ, ఏటిది? ఇంత జీతం మీకిప్పుడు ఎక్కడొస్తంది?"

"తక్కువ రాస్తే ఇవ్వరు కదమ్మా."

"తలకిందులు సేసినారు! తక్కువ వచ్చినోళ్లకే ఇస్తారు. పని తగ్గిందని కంపెనీ కాడ ఉత్తరం తెండి, అప్పీలు సేద్దాం."

లెచ్చుమికి నమ్మకం కుదరలేదు. అయినా కుగన్ దగ్గర ఉత్తరం రాయించుకుని, అతన్నీ ఆశ్రమం వాళ్లనూ ఒక నెల ఆగమని, సోమవారం సాయం ఇచ్చే ఆఫీసుకు వెళ్లింది. వారానికి ఎన్ని రోజుల పని అని కౌంటర్‌లో అమ్మాయి మలయ్‌లో అడిగింది.

"మూడు," అంది లెచ్చుమి, దొంగతనం ఒప్పుకున్నట్టు. ఆ అమ్మాయి తలైనా ఎత్తకుండా రాసుకుంది. ఎవరూ అరవలేదు.

ఆ నెల ఎలా గడిచిందో లెచ్చుమికే తెలుసు. చివరికి సాయం మంజూరైంది. సగం జీతానికి అది తోడైతే ఇల్లు ఎలాగోలా నడుస్తుంది. ఇక మీదటా మూడు రోజులే వస్తానని కుగన్‌కు ఫోన్ చేసి, వెళ్లి అత్త మంచం మీద కూర్చుంది.

"అత్తా, నువ్వెక్కడికీ ఎల్లక్కర్నేదు. పని తగ్గిందని సెప్పినాను. సాయం ఇస్తన్నారు."

అచ్చమ్మ ముద్దముద్దగా వచ్చే మాటల్ని కూడగట్టుకుంది.

"తగ్గిందని సెప్తే... ఇస్తారా?"

"ఇస్తారత్తా."

ముసలామె కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమనుకుంది లెచ్చుమి.

"నా పెద్దోడు, సన్యాసిగాడు. మూడేళ్లోడు. జొరంతో కాలిపోతన్నాడు. గుమాస్తా కాడ ఒక రోజు పని తగ్గిపోతాదని నాను పనికెల్లిపోయినాను. మద్దేనం వచ్చేతలికి పేనం నేదు."

తన భర్తకు ఒక అన్న ఉండేవాడని ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ అనగా లెచ్చుమి వినలేదు. అత్త కుడి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అచ్చమ్మ వేళ్లు గట్టిగా బిగుసుకున్నాయి.

"ఇయ్యేల పనికెల్తావేటే?"

"ఎల్లనత్తా," అంది లెచ్చుమి. చెయ్యి వదలకుండా అలాగే కూర్చుంది.