ఆరో నంబరు ఎవరు చెప్పారు?

ముందే చెప్పేస్తున్నా, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మా మల్కాపురంలో ఎవరికైనా జ్వరం వస్తే గాలి సోకిందంటారు. నేనైతే మాత్ర వేసుకుని పడుకోమంటాను. పదో తరగతితో చదువు ఆపేసి కుట్టు షాపులో చేరాను. కంటికి కనబడే కుట్టునే నమ్ముతాను. అందుకే ఈ సంగతి ఎవరికి చెప్పినా చివరికి నన్నే అనుమానంగా చూస్తారు. చూడండి, పర్లేదు. అలవాటైపోయింది.

మేం ఎనిమిది మంది ఆడవాళ్లం, ఒకే వీధి. ఆదివారాలు పొద్దున్నే కలిసి నడుస్తాం. ఒకరోజు పైడమ్మక్క, "ఎప్పుడూ ఈ రోడ్డేనేటే? భీమిలి దాకా నడిసెల్లిపోదాం రండే" అంది. అందరం ఇళ్లలో బతిమాలి నాలుగు రోజులు సెలవు సంపాదించాం. రెండు రోజులు సముద్రం పక్కనే నడిచి భీమిలి చేరాలి. మూడో రోజు ఆ చుట్టుపక్కల తిరగాలి. నాలుగో రోజు బస్సెక్కి ఇంటికి రావాలి.

పైడమ్మక్క ఒకప్పుడు రొయ్యల కంపెనీలో చేసింది. పనికి వచ్చే ఆడవాళ్లని వ్యానులో లెక్కపెట్టి ఎక్కించే బాధ్యత ఆవిడదే. ఆ లెక్కే మాకూ పెట్టింది. ఒక్కొక్కరికీ ఒక నంబరు. ఆగిన ప్రతిచోటా, మళ్లీ బయల్దేరే ముందు వరసగా ఎవరి నంబరు వాళ్లు అరవాలి. ఇంకొకరి నంబరు చెప్పకూడదు. మనిషి లేకపోతే ఆ నంబరు దగ్గర అందరూ ఒక్క క్షణం నోరు మూసుకోవాలి, ఆ తర్వాతే పక్క నంబరు చెప్పాలి.

నూకాలుది ఐదు. నాది ఆరు. నూకాలంటే చిన్నప్పట్నుంచీ నా ప్రాణం. షాపులో పని ఇప్పించింది కూడా తనే. దాని మిషనూ నా మిషనూ పక్కపక్కనే ఉంటాయి. నడకలో కూడా నా పక్కన తనే.

రెండో రోజు సాయంత్రానికి నా మడమ బొబ్బలెక్కి పగిలింది. భీమిలిలో మేం దిగింది బీబమ్మగారని ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద. మూడో రోజు పొద్దున్న అందరూ లేస్తుంటే నూకాలుని తట్టి, "నాను రాలేనే, కాలు మంట. ఈరోజుకి పడుకుంటాను. ఒంట సేసి ఉంచుతాన్లే" అన్నాను. "సరే, తొంగో" అంది. ఏడుగురూ వెళ్లిపోయారు.

ఆ రోజు ఎంత హాయిగా గడిచిందో చెప్పలేను. పెళ్లయ్యాక పొద్దున్న ఎనిమిదింటి దాకా పడుకున్నది అదే మొదలు. లేచి ముందు రోజు వేసుకున్న పచ్చ డ్రెస్సు, దాని చున్నీ ఉతికి మేడ మీద తీగకి ఆరేశాను. కాసేపటికి కింద నుంచి బీబమ్మగారు అరిచారు.

"అరె బేటీ! నీ పచ్చ గుడ్డల నీళ్లన్నీ నా మిరపకాయల మీద పడుతున్నాయి!"

పరిగెత్తి వాటిని రెండో తీగ మీదికి మార్చాను. ఆవిడ టీ ఇచ్చారు. తాగుతూ మా అమ్మకి ఫోన్ చేశాను. ఆ తర్వాత బియ్యం ఏరుకుంటూ, పప్పుచారు కాచుకుంటూ ఆవిడతో కబుర్లే కబుర్లు. నేను మొదలుపెడితే ఆపనని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

రెండు గంటలకి వాళ్లు తిరిగొచ్చారు. ఒళ్లంతా ఇసుక. నూకాలు నేరుగా నా దగ్గరికొచ్చి చెయ్యి చాచింది.

"గొలుసు ఇయ్యే. మరిసిపోతే మా అత్త నన్ను సంపీగల్దు."

"ఏ గొలుసే?"

"ఓలమ్మా, ఆటలాడకు. నీళ్లలోకి దిగే ముందు నీకే కదే ఇచ్చాను."

ఎప్పుడూ నన్ను ఏడిపిస్తుంటారు కాబట్టి నవ్వేశాను. నేను ఇంట్లోంచి కదల్లేదన్నాను. ఎవరూ నవ్వలేదు. వాళ్లు చెప్పిందేమిటంటే, గోస్తనీ నది వంతెన దగ్గరికి నేను వెనకాలే వచ్చేశానట. తలమీద చున్నీ కప్పుకుని, మాట్లాడకుండా, అందరికంటే వెనక నడిచానట. కాలు నొప్పికి అలా ఉన్నానని వాళ్లు అనుకున్నారట. అందరూ సముద్రంలో మునుగుతుంటే నేను ఒడ్డున కూర్చున్నానట. మునగని మనిషి దగ్గర నగలు పెట్టడం మా అలవాటు. తిరిగొచ్చేటప్పుడు ఈ వీధి చివర కోమటి కొట్టు మలుపులో కనబడకపోతే, ముందుగా ఇంటికి వచ్చేశాననుకున్నారట.

"నంబర్లు సెప్పుకున్నామే. ఆరు అన్నావు. నా సెవులతో ఇన్నాను" అంది పైడమ్మక్క.

నా సంచి నేనే కింద గుమ్మరించాను. పరుపు దులిపాను. గొలుసు లేదు. అది నూకాలుకి వాళ్లమ్మ తన చెవిదిద్దులు కరిగించి చేయించిన గొలుసు. ఆ అమ్మ ఇప్పుడు లేదు. నూకాలు ఏడవలేదు. నా మొహం వైపు చూస్తూ నిలబడింది. ఏడ్చినా బాగుండేది.

బీబమ్మగారు పైకొచ్చి, పొద్దున్నుంచీ ఈ పిల్ల నా దగ్గరే ఉంది, నా బుర్ర తినేసింది అని చెప్పారు. పైడమ్మక్క గిన్నె మూత తీసి, "మరి ఈ ఒంట ఎవులు సేసినట్టే?" అని అందర్నీ అడిగింది. ఒకామె, "పెందరాళే వచ్చి వొండీసుంటది" అని గొణిగింది.

అప్పుడు నూకాలు ఫోన్ తీసి ఫోటో చూపించింది. ఒడ్డున ఎవరో జాలరి తీశాడట. లెక్కపెట్టాను. ఎనిమిది మంది ఉన్నారు. చివర్లో ఒకామె సముద్రం వైపు తిరిగి ఉంది, మొహం కనబడదు. వేసుకున్నది నా పచ్చ డ్రెస్సు. వెనక మెడ నేను లోతుగా కత్తిరించేసి, ఆ తప్పు కప్పడానికి పసుపు ముక్క అతికించాను. చున్నీ పక్కకి జరిగిన చోట ఆ ముక్క కనబడుతోంది. అలాంటి డ్రెస్సు ఇంకొకటి ఉండదు.

ఫోటో టైము పది ఇరవై. నా ఫోనులో అమ్మతో మాట్లాడింది పది పదిహేను నుంచి పది ఇరవై మూడు దాకా. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూపించాను.

"ఫోను ఎక్కడినుంచైనా మాటాడొచ్చు" అంది నూకాలు. ఆ మాట అన్నది నూకాలు.

నాకు ఒళ్లు మండి, "అయితే రాయే, ఆ డ్రెస్సు ఎక్కడుందో సూపిత్తాను" అని మేడ చివరికి లాక్కెళ్లాను. రెండో తీగ మీద, నేను మార్చిన చోటే ఉంది. ఎండ మాడిపోతోంది. పక్కనున్న బీబమ్మగారి దుప్పటి అట్టలా ఎండిపోయింది. నా డ్రెస్సు అంచుల్లోంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. పట్టుకుంటే చేతికి ఇసుక అంటింది. చున్నీ కొసకి ఒక ముడి ఉంది.

నూకాలు విప్పబోయింది. రాలేదు. చివరికి పైడమ్మక్క పళ్లతో లాగింది. లోపల గొలుసు.

నేను వేసే ముడి నూకాలుకి తెలుసు. మేం షాపులో వేసేది ఒక్క లాగుతో ఊడిపోయే ముడి. నా చేతికి వేరేది రాదు. ఆ మాటే అన్నాను. నూకాలు గొలుసు మెడలో వేసుకుంది.

"దొరికింది కదే, ఇంక వొదిలీండి" అంది పైడమ్మక్క. వదిలేశారు. కానీ నా చున్నీలో దొరికింది కదా. అది ఎవరూ పైకి అనలేదు. నేను కాచిన పప్పుచారు ఒక్కరూ రెండోసారి వేసుకోలేదు.

ఎవరైనా నా బట్టలు తీసి వేసుకున్నారేమో అని ఎన్నోసార్లు ఆలోచించాను. మావాళ్లు ఏడుగురూ ఫోటోలో ఉన్నారు. ఎనిమిదో మనిషి ఎవరు? ఎవరో తెలియని ఆడది అయితే నా నంబరు ఎలా తెలిసింది? అసలు నేను అమ్మకి ఫోన్ చేసే ముందే కదా ఆ డ్రెస్సు తీగ మీంచి మిరపకాయల మీద నీళ్లు కార్చింది.

మర్నాడు బస్సు దగ్గర లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "ఐదు" అంది నూకాలు. నా వంతు వచ్చినా ఆగాను. ఎవరూ లేని నంబరు దగ్గర ఊరుకున్నట్టు అందరూ ఊరుకున్నారు. ఏడో ఆమె నోరు తెరవబోతుంటే, "ఆరు!" అని అరిచాను. బస్సులోవాళ్లంతా తొంగి చూశారు.

ఇప్పటికీ ఆదివారాలు నడుస్తాం. నూకాలు మాట్లాడుతుంది, నవ్వుతుంది, టిఫిను పంచుకుంటుంది. ఐదు అన్నాక మాత్రం వెనక్కి తిరిగి నా మొహం ఒకసారి చూస్తుంది, నేనేనా అని. నాకు కోపం రావాలి. రాదు. ఎందుకంటే నేనూ ఆరు చెప్పే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.