చెవిలో చెప్పిన దీవి

మా మేనమామను రేవులో అందరూ మైకు మామ అనేవారు. దీవికి టూరు లాంచీ నడిపే కంపెనీలో ఆయన గైడు. నిజానికి ఆయనకు మైకు అక్కర్లేదు. రేవు ఈ చివర నిలబడి ఎవరినైనా పలకరిస్తే ఆ చివర టీ కొట్టులో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు.

ఆ రేవు నుంచి దీవికి వెళ్ళడానికి రెండు మార్గాలు. ఒకటి ఫెర్రీ. పాత ఇనుప పడవ. కూరగాయల బుట్టలు, సైకిళ్ళు, దీవి బడిలో పాఠాలు చెప్పే టీచర్లు, సరదాగా చూడవచ్చినవాళ్ళు, అందరూ అందులోనే. దిగాక ఎవరి కాళ్ళు వాళ్ళవి. మనసైనంతసేపు తిరిగి, ఏ పడవ దొరికితే ఆ పడవలో వెనక్కి రావడమే. రెండోది టూరు లాంచీ. మెత్తటి సీట్లు, నెత్తిన నీడ, అవతలి ఒడ్డున వ్యాను, మధ్యాహ్నం భోజనం, అన్నింటికీ మించి వెంట మా మామయ్య.

ఆదివారం పొద్దున పొరుగూళ్ళ నుంచి వచ్చిన కుటుంబాలు రెండు టికెట్టు కిటికీల మధ్య నిలబడి ఎటు పోవాలో తేలక తలలు గోక్కుంటూంటే, మామయ్య తాపీగా వాళ్ళ దగ్గరికి నడిచేవాడు.

"ఫెర్రీ మిమ్మల్ని దీవి దాకా తీసుకెళ్తుంది. నేనైతే దీవినే మీ దగ్గరికి తీసుకొస్తాను. ఏది కావాలో మీరే తేల్చుకోండి" అనేవాడు. ఆ ఒక్క మాటకే సగంమంది ఇటు వచ్చేసేవారు.

ఇది చూస్తే ఫెర్రీ నడిపే సరంగుకు ఒళ్ళు మండిపోయేది. ఆయన పొడుగ్గా, బక్కగా ఉంటాడు, మాట కటువు. మామయ్య నోరు తెరవగానే కావాలని హారను మోగించేవాడు. అది ఆగేదాకా మామయ్య చేతులు కట్టుకుని నిలబడి, ఆగగానే "చూశారా, సరంగుగారు కూడా ఔనంటున్నారు" అనేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. పక్కపక్కనే పనిచేస్తూ ఇద్దరూ ఒక్కనాడైనా కలిసి టీ తాగిన పాపాన పోలేదు.

ఇంతమందికి దీవి చూపించిన మనిషి కట్టుకున్న భార్యకు మాత్రం చూపించలేకపోయాడు. మా అత్త ఒక పెద్ద బట్టల కొట్లో, వెనక గదిలో మిషను ముందు కూర్చుని, కొన్నవాళ్ళ కొలతలకు బట్టలు సరిచేసేది. ఆమెకు సెలవు ఒక్క ఆదివారమే. మామయ్యకు ఊపిరి సలపనిదీ ఆదివారమే. వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటూండగానే పిల్లలు పెద్దవాళ్ళయి ఎవరి సంసారాలు వాళ్ళు పెట్టుకున్నారు. "మీ మామయ్య కథలు ఊళ్ళో నాకొక్కదానికే తెలియవే" అని అత్త నాతో అంటూ ఆయన వంక ఓరగా చూసేది.

ఒక చలికాలం మామయ్య గొంతు బొంగురుపోయింది. జలుబేలే అనుకున్నారు. ఎన్నిసార్లు ఉప్పునీళ్ళు పుక్కిలించినా తగ్గలేదు. ఆసుపత్రిలో చూసి గొంతులో గడ్డ ఉందన్నారు. ఆపరేషను చేసి తీసేశారు. ఇక ప్రాణానికి ఢోకా లేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు అత్త అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయింది.

"మాట మాత్రం ఇదివరకటిలా రాదమ్మా. గుసగుసలా వస్తుంది. అంతకుమించి ఆయన్ని బలవంతపెట్టకండి" అని కూడా ఆవిడ చెప్పింది. అప్పుడది ఎవరికీ పెద్ద సంగతిగా తోచలేదు. మనిషి దక్కాడు, అదే పదివేలు.

ఇంటికొచ్చాక తెలిసొచ్చింది. ఆ ఇంట్లో గోడగడియారం చప్పుడు చేస్తుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. మామయ్య రోజంతా కిటికీ పక్కన కూర్చునేవాడు. వీధిలో తెలిసినవాళ్ళ అడుగులు వినిపిస్తే లోపలి గదిలోకి వెళ్ళి నిద్రపోతున్నట్టు పడుకునేవాడు. టూరు యజమాని చెడ్డవాడేమీ కాదు, కొన్నాళ్ళు ఎదురుచూసి, ఇక లాభంలేదని వేరే గైడును పెట్టుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

ఒక సాయంత్రం నేను అక్కడ ఉండగానే ఎవరో తలుపు తట్టారు. తీస్తే సరంగు. టోపీ చేత్తో పట్టుకుని లోపలికొచ్చి, కుర్చీ అంచున, ఏ క్షణాన్నైనా లేచిపోయేవాడిలా కూర్చున్నాడు. ఈసారి మామయ్యకు పక్కగదిలోకి జారుకునే వ్యవధి దొరకలేదు.

"పరామర్శకు రాలేదు. పనిమీద వచ్చాను" అన్నాడు సరంగు. "మా పడవలో తాడు కట్టే పెద్దాయన మానేశాడు. గేటు దగ్గర నిలబడాలి, ఒడ్డు రాగానే తాడు కట్టాలి, ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ చెయ్యందించాలి. అరవాల్సిన పనేమీ ఉండదు."

మామయ్య తల దించుకున్నాడు. పెదవులు మాత్రం కదిలాయి. సరంగుకు వినపడక అత్త వైపు చూశాడు.

"నేనే దొరికానా అంటున్నారు, అన్నయ్యగారూ" అంది అత్త.

"ఇన్నేళ్ళూ నా పడవెక్కాల్సినవాళ్ళని తన లాంచీ ఎక్కించాడు. ఇకనైనా నలుగుర్ని నా పడవ ఎక్కించమను" అని లేచాడు సరంగు. గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరక్కుండానే, "రేవు బోసిపోయిందయ్యా. ఊరికే హారను మోగిస్తూంటే నాకే చిరాగ్గా ఉంది" అన్నాడు.

అత్త వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. ఏడుపు వినపడకూడదని.

మర్నాడే మామయ్య పనిలో చేరాడు. మొదట్లో తాడు రాసుకుని అరచేతులు పుళ్ళు పడ్డాయి. ఆయన మాత్రం వాటిని పిల్లలు కొత్త బొమ్మ చూపించినట్టు అందరికీ చూపించేవాడు. పడవ మారినా జనం ఆయన్ని అడగడం మానలేదు. ఫెర్రీ మేలా, టూరు మేలా అని. ఆయన గుసగుసగా చెబుతాడు కాబట్టి అందరూ చెవి ఒగ్గి దగ్గరికి వంగేవారు. వాళ్ళు కూడా తెలియకుండానే గొంతు తగ్గించేసేవారు. చూసేవాళ్ళకు అదేదో గూడుపుఠాణీలా ఉండేది.

తమాషా ఏమిటంటే, ఆయన అందరినీ ఫెర్రీకే పంపేవాడు కాదు. ఒకసారి ఒక ముసలావిడ కొడుకూ కోడలూ చెరో రెక్కా పట్టుకుంటే గేటు దాకా వచ్చింది. మామయ్య ఆవిడ నడక చూసి, ఆ ముగ్గురినీ టూరు కిటికీకి పంపేశాడు. ఫెర్రీ టికెట్లమ్మే గుమాస్తా పరుగున వెళ్ళి సరంగు చెవిన వేశాడు.

"నువ్వింకా వాళ్ళ మనిషివేనా?" అంటూ సరంగు దిగివచ్చాడు.

"ఆవిడ మోకాళ్ళు చూశారా? మన పడవ దిగితే కొండంతా నడిచే ఎక్కాలి. సగంలో కూలబడితే రోజంతా మనల్నే తిట్టుకుంటుంది. అక్కడైతే వ్యానుంది" అన్నాడు మామయ్య, అంతా ఒక్క దమ్మున చెప్పలేక మధ్యమధ్య ఆగుతూ.

సరంగు ఆ ముసలావిడ వెళ్ళిన వైపు చూశాడు. "సరే, ఆ తిట్లేవో వాళ్ళనే పడనీ" అని పైకెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ అడగలేదు. కుర్రజంటలు, బొమ్మలు వేసుకునేవాళ్ళు, ఒకచోట కూర్చుంటే లేవబుద్ధి కానివాళ్ళు వస్తే మామయ్య ఫెర్రీయే ఎక్కించేవాడు. దాంతో రేవులో ఆయన మాటకు విలువ పెరిగింది తప్ప తగ్గలేదు.

వేసవి వెళ్ళాక సరంగే ఒకరోజు అన్నాడు, "వచ్చే ఆదివారం నువ్వు గేటు దగ్గర కనిపించావంటే ఊరుకోను. ఇంటావిడను తీసుకుని దీవికి పో." ఈ సంగతి ఎలా తెలిసిందో, టూరు యజమాని కూడా లాంచీలో రెండు ముందు సీట్లు ఉంచుతానని కబురు పంపాడు.

అప్పుడొచ్చింది అత్తకు అసలు చిక్కు. నన్ను పిలిపించుకుని, "నువ్వు చెప్పవే. లాంచీ అయితే వ్యానుంది, భోజనముంది, ఎండ తగలదు" అంది.

"అయితే టూరే వెళ్ళు అత్తా. నీ నడుంనొప్పికి అదే నయం" అన్నాను.

మామయ్య కిటికీలోంచి వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. తను పట్టుకున్న మైకు ఇంకొకరి చేతిలో చూడటం ఆయనకు కష్టమని మా ఇద్దరికీ తెలుసు. కానీ ఆవిడ సుఖానికి అడ్డుపడటం ఆయనకు ఇష్టంలేదు. ఆ వారమంతా అత్త తేల్చలేదు. ఆదివారం పొద్దున రేవులో నిలబడి, "నాకు వ్యాను పడదు, కడుపులో తిప్పుతుంది" అని ఫెర్రీ వైపు నడిచింది. బస్సులో ఎంత దూరమైనా హాయిగా నిద్రపోయే మనిషి ఆవిడ. వ్యాను పడకపోవడం ఏమిటో నాకు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

మిగతాదంతా ఆవిడ చెప్పిందే. దీవి దిగగానే మామయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరుపెట్టి మొదలుపెట్టాడట. పాత జైలు గోడలు, నల్లరాళ్ళ ఒడ్డు, సముద్రం మధ్యలో తియ్యగా ఉండే ఆ బావినీళ్ళు, లైట్‌హౌసులో దీపం వెలిగించే మనిషి కాపురం, అన్నీ. అడుగడుగునా ఆగి, ఊపిరి కూడదీసుకుని చెప్పాడట. పక్కనుంచి పోయేవాళ్ళు ఈ వయసులో ఈ గుసగుసలేమిటా అని ముసిముసిగా నవ్వుకున్నారట.

"ఇదంతా నిజమేనా?" అని అడిగిందట అత్త.

"లైట్‌హౌసు మాత్రం నిజం" అన్నాడట మామయ్య.

వాళ్ళు ఆ లైట్‌హౌసు మెట్ల మీద కూర్చుని ఉండగానే టూరు జనం వచ్చారు. కొత్త గైడు మైకులో అదే కథ ఎత్తుకున్నాడు. అత్త మామయ్య ముఖం చూడటానికి భయపడింది. ఆయన మాత్రం తల ఊపుతూ చివరిదాకా విన్నాడు. "నాకంటే బాగా చెబుతున్నాడు. నేను ఆ చోట తొందరపడేవాణ్ణి" అన్నాడు. ఆ మాటలో కుళ్ళు లేదని అత్త నాకు రెండుసార్లు చెప్పింది.

వాళ్ళిద్దరూ సాయంకాలం పడవలో వెనక్కి వచ్చారు. దిగేముందు అత్త సరంగు దగ్గరికి వెళ్ళింది. ఏం చెప్పాలో పొద్దుటి నుంచీ మనసులో కూడగట్టుకుందట. తీరా ఎదురుపడేసరికి చూపు ఆయన చేతి మీద పడింది. ఆయన చొక్కా మోచేతి దగ్గర చిరిగి ఉండటం కనిపించింది.

"అది ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ" అంది.

"ఎందుకమ్మా, పడవ మీద ఎవరు చూస్తారు?" అని ఆయన నసిగాడు. అయినా ఆవిడ వినలేదు. ఆయన బనీను మీదే పడవ కట్టించాల్సి వచ్చింది.

చొక్కా మర్నాడు పొద్దున్నే మామయ్య చేతిలో రేవుకు చేరింది. చిరుగు ఎక్కడుండేదో వెతికినా దొరకదు. అది చూసి గుమాస్తా తన కోటు పంపాడు, ఇంజను దగ్గరి మనిషి ప్యాంటు పంపాడు. ఇప్పుడు వారానికి ఒకసారి ఫెర్రీవాళ్ళ మూట మా అత్త గుమ్మంలో ఉంటుంది. ఒకసారి దాన్ని విప్పి మడతలు పెడుతూ అంది, "ఈయన గొంతు పోయినందుకు ఏడవని రోజు లేదే. కానీ నాకు ఈ సరంగు అన్నయ్యనీ, ఆ ఆదివారాన్నీ ఇచ్చింది కూడా అదేగా. ఏమనుకోవాలో తెలియడం లేదు."

మామయ్య కిటికీ దగ్గర్నుంచి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. అత్తకు వినపడింది. సిగ్గుపడి, ఆయన మీదకు ఒక చొక్కా విసిరింది.