ఫైబర్ సవతి

నాకు ఒక సవతి ఉంది. తెల్లగా, నున్నగా ఉంటుంది. ఒళ్ళంతా ఫైబరే. మా ఆయన ట్రాక్టర్లకు ఫైబర్ టాపులు తయారుచేసే పని చేస్తాడు. ఎవరో వదిలేసిన పాత కారును ఇంటికి తెచ్చుకుని, తుప్పు పట్టిన ఇనుప బాడీని పీకేసి, తనే అచ్చు తీసి ఫైబర్ బాడీ చేశాడు. పెళ్లినాడు నన్ను కూడా ఆ కారును చూసినంత తేరిపార చూడలేదు.

వరంగల్లో మాది రేకుల ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నం వంటగదిలో నిలబడితే కింద పొయ్యి, పైన రేకు. రేకుల కింద ఏదైనా సీలింగ్ కొట్టించమని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది. "చూద్దాం తియ్" అంటాడు. ఆ సవతి విషయంలో మాత్రం ఎన్నడూ చూద్దాం అనడు. ఆదివారం నేనొక్కదాన్నే చర్చికి పోతే, పాస్టరమ్మ "అన్న రాలేదామ్మా?" అని అడిగేది. "కారు కింద ఉన్నడమ్మా" అనేదాన్ని. ఆమె నవ్వేది. నాకు కడుపు మండేది.

ఆ సుకుమారికి వేడి పడదు. సైలెన్సర్ గొట్టం పక్క ప్యానెల్‌ను దాదాపు రాసుకుంటూ పోతుంది. ఇనుమైతే ఆ సెగకు ఓర్చుకునేది. ఫైబర్ మెత్తబడుతుంది, రంగు మీద పొక్కులు లేస్తాయి. ఆ దిగులుతో ఆయనకు అన్నం సయించలేదు. చివరికి ఎనుమాముల మార్కెట్లో హమాలీ పని చేసే మా తమ్ముణ్ని అడిగి ఖాళీ గోనెసంచులు తెచ్చాడు. వాటిని తడిపి, మడిచి, గొట్టానికీ ప్యానెల్‌కీ మధ్య కుక్కాడు. అవి మిర్చి సంచులు. ఆ ఘాటుకు అలవాటుపడ్డ ముక్కులు మావి, ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

నెక్కొండలో మా చిన్నమ్మ ఇంటికి బయలుదేరాం. సగం దూరం పోయేసరికి తడి ఆరిపోయి సంచులు మాడడం మొదలైంది. కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, ఒకటే దగ్గు. రోడ్డు పక్క చాయ్ హోటల్ ముందు ఆపితే లోపలివాళ్ళంతా కొంగులూ కండువాలూ మూతికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చారు. "ఎవలమ్మా మిరపకాయలు మాడవెడ్తాండ్లు?" అని ఒక ముసలామె తిట్టింది. నేను దగ్గుతూనే నవ్వాను. సవతికి తగిన శాస్తి జరిగిందని నిజంగానే సంతోషపడ్డాను.

ఆయన మాత్రం ప్యానెల్ మీద లేచిన పొక్కును వేళ్ళతో నెమ్మదిగా నిమురుతున్నాడు. గంజి మీద పడి నా చెయ్యి కాలినప్పుడు, తల కూడా ఎత్తకుండా "పేస్టు రాస్కో" అన్న మనిషి! నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

తర్వాత ఎవరో మెకానిక్ చెబితే హైదరాబాద్ నుంచి ఒక షీటు తెప్పించాడు. ఒకవైపు వెండిలా మెరుస్తుంది, లోపల దూదిలాంటిది మందంగా ఉంటుంది. ఎంత సెగనైనా ఆపుతుందట. మంచం మీద పరిచి మురిసిపోయాడు. మర్నాడు ఆయన షెడ్డుకు పనికి పోగానే నేను స్టూలెక్కాను. ఆ షీటును పొయ్యికి సరిగ్గా పైన, రేకుకు ఆనించి, రేకులను మోసే ఇనుప పైపులకు బైండింగ్ వైరుతో కట్టేశాను.

మధ్యాహ్నం తిండికి వచ్చి షీటు కోసం ఇల్లంతా వెతికాడు. వంటగదిలోకి వచ్చి తలెత్తి చూశాడు. తిడతాడనుకుని నేను గరిటె పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన తిట్టలేదు.

"రేకుకు అంటవెట్టినవేందే? నడుమ జర సందుండాలె. గాలి ఆడకపోతే ఉడుకంతా కిందికే దిగుతది."

స్టూలెక్కి వైర్లు విప్పాడు. చెక్కముక్కలు అడ్డం పెట్టి, సందు వదిలి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. పొయ్యి మీద అన్నం కుతకుత ఉడుకుతోంది. చొక్కా తడిసి ఆయన వీపుకు అతుక్కుపోయింది. ఆయన ఆ వంటగదిలో అంతసేపు ఉండడం అదే మొదటిసారి.

"గింత ఉడ్కపోత్తాందా ఈడ?" అన్నాడు.

"ఎన్ని మాట్ల చెప్పలే నీకు!"

"నాకెప్పుడు చెప్పినవ్?"

"చెప్పిన. గప్పుడు నువ్వు కారు కింద ఉన్నవ్."

ఆయన చివరి వైరు బిగించి, దిగి, చెమట తుడుచుకున్నాడు. షీటు కింద నిలబడితే ఆ సెగ నిజంగానే తగ్గింది. గెలిచాననుకున్నాను. మనసు కరిగి, ఆయన కంచంలో నెయ్యి కూడా వేశాను.

చెయ్యి కడుక్కోవడానికి వాకిట్లోకి పోయినవాడు ఎంతకీ లోపలికి రాలేదు. కిటికీలోంచి తొంగి చూశాను. తడి చేత్తో కారు పొక్కు మీద రాస్తూ, దానికి మాత్రమే వినపడాలన్నట్టు మెల్లగా అంటున్నాడు:

"జర ఓర్సుకో బిడ్డా. నీకింకోటి తెస్త."

ఇన్ని ఎండాకాలాల్లో నన్ను ఓర్చుకోమని కూడా అనలేదు ఆయన.