ఎనిమిది కాదు, మూడు

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తనిచ్చేవాళ్ళు కాదు. ఎమ్మిగనూరులో మా వాడలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనో, ఎవరో పట్టుకున్నారనో అనుకునేవాళ్ళు. మా నాయన మాత్రం "ప్రార్థన చేసుకోని మందు మింగితే పోతాది" అని ఒక్క మాటతో తేల్చేసేవాడు. ఆయన పెంపకంలో పెరిగి, ఆ పైన ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు లెక్కలు చెప్పిన దాన్ని నేను. రుజువు లేని మెట్టును బోర్డు మీద ఎవరు రాసినా చెరిపించేదాన్ని. ఇప్పుడు రాయబోయే దానికి నా దగ్గర రుజువు లేదు. నమ్మమని ఎవరినీ అడగడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను అనంతపురంలో బి.ఏ. గణితం చదివాను. మా వాడ నుంచి కాలేజీకి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. మిగతావన్నీ ఎలాగో గట్టెక్కాయి గాని డిఫరెన్షియల్ ఈక్వేషన్ల పేపరు దగ్గర ఆగిపోయాను. మార్చిలో తప్పాను. సెప్టెంబరులో మళ్ళీ రాసి మళ్ళీ తప్పాను.

ఎమ్మిగనూరుకు తిరిగొచ్చి ఒక చిన్న బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పే పనిలో చేరాను. ట్రైనింగ్ లేని టీచరును. ఈసారి కూడా డిగ్రీ రాకపోతే వేసవి సెలవుల తర్వాత ఇంకొకరిని చూసుకుంటామని బడివాళ్ళు మర్యాదగానే చెప్పారు. పొద్దున బడి, సాయంత్రం ఇంటిపని, మధ్యలో దొరికిన కాస్త సమయంలో ఆ పుస్తకం. సందేహం వస్తే అడగడానికి ఇటు ఎమ్మిగనూరులో గాని, అటు ఆదోనిలో గాని ఆ లెక్కలు తెలిసిన మనిషి నాకు ఒక్కరూ తెలియదు. చదివిందే చదివి, చేసిందే చేసి, ఆ పుస్తకం అట్ట చూస్తేనే కళ్ళు మూతలు పడేవి.

మా నాయన పేరు దేవదానం. ఆదోనిలో పత్తిని నొక్కి మూటలు కట్టే ప్రెస్సులో ఆ బేళ్ళు మోసేవాడు. అక్కడే మా మేనత్త ఇంట్లో ఉండి వారానికోసారి మా దగ్గరికి వచ్చేవాడు. అక్షరం ముక్క రాదు. అంకెలు కూడా గుర్తుపట్టలేడు. బేళ్ళ మీద వేసిన నంబర్లను పక్కవాళ్ళు చదివి చెబితే విని మోసేవాడు. ఈ సంగతి గుర్తుంచుకోమని కోరుతున్నాను.

పరీక్షకు మూడు వారాలుందనగా ప్రెస్సులో ఒక బేలు జారి ఆయన మీద పడింది. పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రిలో చేర్చిన నాలుగో నాటికి ఊపిరితిత్తులకు నెమ్ముచేసి ఒళ్ళు కాలిపోయే జ్వరం పట్టుకుంది. తమ్ముళ్ళు చిన్నవాళ్ళు కాబట్టి అమ్మ ఊరు వదిలి రాలేకపోయింది. నేను బడికి సెలవు పెట్టి, పుస్తకం, నోటు పుస్తకం సంచిలో వేసుకుని ఆదోని బస్సెక్కాను. రాత్రిళ్ళు మా మేనత్త నాయన దగ్గర ఉండేది. పగలంతా నేను.

అది పొడుగాటి వార్డు. కిటికీలు పడమటి వైపు. మధ్యాహ్నం దాటితే ఎండ మంచాల మీద పడేది. సీజను కావడంతో మిల్లుల నుంచి పత్తి నూగు గాలిలో తేలుతూ వచ్చి దుప్పట్ల మీద, నీళ్ళ చెంబు మీద, రోగుల గడ్డాల మీద వాలేది. పక్క మంచం మీద హాలహర్వి నుంచి వచ్చిన ఒక ముసలాయన. ఆయనకు తోడుగా ఆయన భార్య. ఆమెను నేను అవ్వా అనేదాన్ని.

"అంత ఇదిగా ఏం సదువుతాండావమ్మా?" అని ఆమె మొదటిరోజే అడిగింది.

"లెక్కలవ్వా. కుండలోంచి నీళ్ళు ఎంత జోరుగా పోతాండాయో సెప్తారు. అందులో నీళ్ళెన్ని ఉండాయో మనం సెప్పాల. అట్లాంటివి."

"కుండలో సెయ్యి పెడితే తెలీదా?" అంది అవ్వ. చాలా రోజుల తర్వాత ఆ పూట నవ్వాను.

నన్ను పట్టి పీడిస్తున్నది ఒక్క లెక్క. దానికి రెండుసార్లు ఇంటిగ్రేట్ చేయాలి. చేసిన ప్రతిసారీ అది ముక్కలుగా విడిపోతుంది, ప్రతి ముక్కలోనూ ప్లస్సులు మైనస్సులు మారిపోతుంటాయి. పుస్తకం చివర ఇచ్చిన జవాబులో ఒకచోట ఎనిమిది ఉంది. నాకు ఎనిమిది రావడం లేదు. ఒకసారి ఒకటి వచ్చింది, ఒకసారి ఐదు, రెండుసార్లు రెండు వచ్చింది. ఆ నోటు పుస్తకం చాలా ఏళ్ళు నా దగ్గరే ఉంది. తర్వాత ఎన్నోసార్లు తిరగేసి చూశాను. మొత్తం ఆరు ప్రయత్నాలు, అందులో రెండు సగంలో ఆగినవి. ఆరింటిలో ఎక్కడా మూడు లేదు.

ఆ లెక్క దాటి ముందుకు పోదామంటే మనసు ఒప్పేది కాదు. ఇది రానప్పుడు పరీక్షలో ఏదీ రాదని ఒక మొండి భయం. నాయనకు తడిగుడ్డ వేయడం, గంజి తాగించడం, మళ్ళీ ఆ పేజీ తెరవడం. ఆ వార్డులో మూడు మధ్యాహ్నాలు అలాగే గడిచాయి.

మొదటి మధ్యాహ్నం నాయన కళ్ళు మూసుకునే గొణిగాడు. "ఎనిమిది గాదు. మూడు."

బేళ్ళ ధ్యాసలో ఉన్నాడనుకున్నాను. రెండో రోజు మళ్ళీ అదే మాట, నాలుగైదు సార్లు. అవ్వ నా వైపు చూసింది.

"పనిలో ఉన్నట్లుందవ్వా. బేళ్ళు లెక్కపెడతాండాడు" అన్నాను.

మూడో రోజు నేను నేల మీద చాప వేసుకుని, పుస్తకం మంచం అంచున పెట్టి, జవాబుల పేజీ తెరిచి, దాని పక్కనే తల ఆనించుకున్నాను. నిద్రపోలేదు. అలసటతో రెప్పలు బరువెక్కి ఉన్న మాట నిజం. నాయన చెయ్యి కదిలింది. దుప్పటి కిందనుంచి మెల్లగా బయటికొచ్చి పుస్తకం మీద పడింది. ఒక వేలు ముందుకు జరిగి ఒకచోట ఆగింది.

"ఈడ. ఎనిమిది గాదు తల్లీ. ఈడ మూడుండాల."

తల ఎత్తి చూశాను. ఆ పేజీలో చీమల్లాంటి అక్షరాలతో యాభై అరవై జవాబులున్నాయి. నాయన వేలి గోరు నా లెక్క జవాబు మీద, సరిగ్గా ఆ ఎనిమిది కింద ఉంది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాయి.

భయం వేసిందని రాస్తే బాగుంటుందేమో. వేయలేదు. నాకు కోపం వచ్చింది. వారం రోజులుగా సరిగా తినలేదు, పడుకోలేదు. పరీక్ష దగ్గరకొచ్చింది. అంత జ్వరంలో ఈయన కూడా నా పుస్తకంలో వేలు పెట్టాలా అనిపించింది.

"నాయనా, నోరు మూసుకోని పండుకో! నన్ను సదువుకోనీ!" అని అరిచాను.

నా జన్మలో ఆయన్ను అంతమాట ఎప్పుడూ అనలేదు. అవ్వ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సరేలేమ్మా" అన్నాడు. అంతే.

కాసేపటికి సిగ్గేసింది. ఆయన నుదురు తుడిచాను. పెన్సిలుతో ఆ ఎనిమిది పక్కన మార్జినులో చిన్నగా మూడు అని వేశాను. ఎందుకు వేశానో తెలియదు. ఆయన మాట కాదన్నందుకు చేసుకున్న సర్దుబాటు కావచ్చు. ఆ తర్వాత ఆ లెక్క జోలికి పోలేదు. మిగిలిన అధ్యాయాలు తెరిచాను. నిజం చెప్పాలంటే ఆ పరీక్షకు నేను చదివిన చదువంతా అప్పుడు మొదలైంది.

రెండు రోజులకు జ్వరం దిగింది. నాయన బతికాడు. మళ్ళీ బేలు ఎత్తే మనిషి మాత్రం కాలేదు; ఎమ్మిగనూరుకు తెచ్చుకున్నాం.

పరీక్షలో ఆ లెక్క రాలేదు. అనంతపురంలో ఆ పేపరు రాసిన రోజు, ఊరికి పోయే ముందు, కాలేజీలో మాకు ఆ పాఠం చెప్పిన లెక్చరరు గారిని కలిశాను. పుస్తకం చూపించి, ఈ లెక్క నాకు రాలేదండీ అన్నాను. ఆయన ప్రశ్నపత్రం వెనకవైపు తీరిగ్గా చేసుకుంటూ పోయారు. చివరి వరుస రాసి, జవాబుల పేజీ చూసి, మళ్ళీ తన వరుస చూసుకున్నారు.

"అచ్చు తప్పమ్మా. ఇక్కడ ఎనిమిది కాదు, మూడు ఉండాలి. సీసపు అచ్చుల్లో మూడూ ఎనిమిదీ ఒకలాగే కనబడతాయి కదా, వేసినవాడు పొరబడ్డాడు." అప్పుడు మార్జినులో నా పెన్సిలు గుర్తు చూశారు. "మీకు ముందే తెలుసే! ఎవరు చెప్పారు?"

"మా నాయన."

"ఆయనా లెక్కల మనిషేనా? ఏం చేస్తారు?"

"పత్తి బేళ్ళు మోస్తాడండీ."

ఆయన నేనేదో పరాచికం ఆడాననుకుని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. పుస్తకం తీసుకుని అక్కడే బెంచీ మీద కూర్చున్నాను.

ఎమ్మిగనూరు చేరేసరికి మర్నాడు సాయంత్రమైంది. నాయన వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పరీక్ష ఎట్ల రాసినావని అడిగాడు. బాగా రాశానని చెప్పి, పక్కన కూర్చుని అడిగాను.

"నాయనా, ఆసుపత్రిలో నా పుస్తకం మీద వేలు పెట్టి ఈడ మూడుండాల అంటివే, గుర్తుందా?"

"ఉంది. నువ్వు కసిరితివి గదా."

"నీకెట్ల తెలిసె అది?"

ఆయన వింతగా చూశాడు. "నాకేం తెలుసు తల్లీ? నీ పక్కన కూసున్నాయన సెప్తాండె గదా. అదే నేనంటి."

నా పక్కన ఎవరూ కూర్చోలేదని చెప్పాను. నాయన ఒప్పుకోలేదు. గొంతు పెంచకుండా, నిన్న చూసిన మనిషి గురించి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు.

"మూడు దినాలూ వచ్చె. సన్నగా ఉండె. సేతులకి తెల్లగా అంటుకోనుండె, సుద్దో పత్తో. స్టూలు మీద కూసోని నీకు అదే పనిగా సెప్తాండె. నువ్వేమో తలెత్తకపోతివి. పాపం, ఆయనే యాసిరిపోయి నా దిక్కు తిరిగి, నువ్వన్నా సెప్పప్పా అనె. మీ కాలేజీ పంతులేమో అనుకుంటి. అంత ఎండలో వస్తే ఆయనకి సెంబుడు నీళ్ళన్నా ఇయ్యకపోతివే అని నాకు బాధాయ."

మంచం పక్కన స్టూలు ఉన్న మాట వాస్తవం. నేను మూడు రోజులూ చాప మీదే కూర్చున్నాను. ఆ ఖాళీ స్టూలు మీద ఒక్కసారి కూడా కూర్చోలేదని నాకు అప్పుడే తట్టింది.

మా లెక్చరరు గారు ఆదోని రాలేదు. వచ్చి ఉంటే ఆ లెక్క మళ్ళీ చేసి చూసుకోవలసిన పని ఆయనకు ఉండదు. పైగా ఆయన భారీ మనిషి. డాక్టరు గారిని, కాంపౌండరును నాయన ఎరుగును. వాళ్ళు కాదన్నాడు. మా మేనత్తను అడిగితే, పగటిపూట ఎవరొచ్చిందీ తనకు తెలియదంది.

జ్వరంలో మనిషికి లేనివి కనిపిస్తాయి. నేను పైకి చదువుతుంటే విని ఆయన తిరిగి అని ఉండవచ్చు. కాని నేను మూడు అని ఎప్పుడూ అనలేదు. పుస్తకంలోనూ మూడు లేదు. కళ్ళు మూసుకున్న మనిషి వేలు ఆ ఒక్క అంకె కిందికే ఎలా పోయిందో ఏ దారిన ఆలోచించినా నాకు తేలలేదు.

ఆ ఏడు పాసయ్యాను, బొటాబొటి మార్కులతో. బడిలో ఉద్యోగం నిలిచింది. నాయన ఇంకో పదకొండేళ్ళు బతికాడు. మళ్ళీ ఎప్పుడూ లెక్కల మాట ఎత్తలేదు. నేను అడిగినప్పుడల్లా అదే మాట, ఒక్క ముక్క తేడా లేకుండా చెప్పేవాడు.

పరీక్షలైన మరుసటి ఏడు ఆదోని సంతలో హాలహర్వి అవ్వ కనిపించింది. ముసలాయన పోయాడట. కాసేపు ఆ సంగతి మాట్లాడుకున్నాక, ఉండబట్టలేక అడిగాను. ఆసుపత్రిలో మధ్యాహ్నాలు నా దగ్గరకు ఎవరైనా వచ్చేవాళ్ళా అని.

"ఎవురూ రాలేదమ్మా. ఒక్కదానివే కూసోనుంటివి" అంది.

నాకు ఒక రకంగా ఊరట కలిగింది. సంచి ఎత్తుకుని బయల్దేరబోతుంటే అవ్వ మళ్ళీ అంది.

"నీలో నువ్వే మాట్లాడుకుంటాంటివి. సదివినట్ల గాదు. ఎవురో అడుగుతాంటే జవాబు సెప్పినట్ల. ఊ అంటాంటివి, కాదు సార్ అంటాంటివి. సదువు ఎక్కువై ఆడపిల్లకి మతి సెడిందేమోనని మా ముసలాయనతో అంటి."

నాకు గుర్తున్నంతవరకు, ఆ మూడు మధ్యాహ్నాల్లో నేను నాయనతోనూ అవ్వతోనూ తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.