అమ్మ పంచిన ముడి

నా భార్యకు పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు చాలా ఏళ్లుగా ఉంది. మందులతో నెమ్మదించింది గాని, అన్నేళ్లు వాచిన పేగులో క్యాన్సర్‌కు దారితీసే బుడిపెలు పుట్టవచ్చని డాక్టర్ ఏటా కెమెరా గొట్టం వేసి చూస్తాడు. ఈసారి ఒకటి కనబడింది. అక్కడికక్కడే తీసి పరీక్షకు పంపాడు. దాని అంచులు శుభ్రంగా లేకపోతే పేగంతా తీసెయ్యాల్సి రావచ్చని, ఆమెకు మత్తు దిగాక మా ఇద్దరికీ చెప్పాడు.

అంతకుముందే, బయట కూర్చున్న మా అమ్మతో మాత్రం మరాఠీలో, "ఏక్ గాఠ్ సాపడలీ" అని వెళ్లిపోయాడు. ఒక గాఠ్ దొరికిందని. గాఠ్ అంటే గడ్డ, ముడి కూడా. మగ్గాల మధ్య బతికిన అమ్మకు రెండోదే అందింది. తెగిన పోగుకు ముడి పడితే నేత మళ్లీ సాగుతుంది.

మేం భవాని పేట్‌లోని మా ఇల్లు చేరేసరికి, ముందే వచ్చేసిన అమ్మ పంచిన పేఢాలు గల్లీలో అందరి నోళ్లలో ఉన్నాయి.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"ఇన్నేండ్లు నెత్తురు వోయె. ఇప్పుడు ముడి వడ్డదని డాక్టరే చెప్పె. నోరు తీపి చెయ్యొద్దా?"

"నా కడుపుల మగ్గం పెట్టిన్రనుకున్నవా అత్తమ్మా?" అంది నా భార్య.

"పెట్టినా నడిపేటందుకు నువ్వు పొద్దుగాల లేస్తవా?"

నా భార్య గుమ్మం పట్టుకుని నవ్వింది. పొద్దున్నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

వార్తలు సరిదిద్దడం నా ఉద్యోగం. లోపలికి వెళ్లాక అది గడ్డ అనీ, రిపోర్ట్ ఇంకా రావాలనీ అమ్మకు చెప్పాను.

"ఇగ పేఢాలు వాపస్ అడుగుమంటవా?"

గల్లీలోనూ చెప్పబోతే నా భార్య ఆపింది. "ఉండనియ్. వాళ్లు గంత ఖుషీగ పలకరిస్తుంటే నాక్కూడ జర ధైర్యమైతుంది." రిపోర్ట్ వచ్చేదాకా మా ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది. వచ్చిన ప్రతి మనిషికీ నా భార్యే చాయ్ పెట్టింది.

రిపోర్ట్ చూసి డాక్టర్ తలూపాడు. క్యాన్సర్ కాలేదు. అంచులు శుభ్రం. చుట్టుపక్కల తీసిన ముక్కల్లోనూ ఏమీ లేదు. పేగు తియ్యక్కర్లేదు, కొన్ని నెలలకు మళ్లీ చూద్దామన్నాడు.

ఆస్పత్రి మెట్ల మీదే నా భార్య స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. "అత్తమ్మా, పేగు తియ్యరంట."

అమ్మ ఫోన్ పట్టుకునే గల్లీలోకి నడిచినట్టుంది. అమ్మ కేక, ఆ వెంటనే పక్కింటామె గొంతు వినిపించాయి.

"మంచిగైందని మొన్ననే చెప్తివి గద?"

"మొన్న నేను చెప్పిన. ఇయ్యాల డాక్టర్ చెప్పిండు."