ముక్కు పుల్లయ్య

కడపలో ఐసు ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచీ, అంటే పదకొండేళ్లుగా, పొద్దున్నే గొట్టాలన్నీ వాసన చూడడం పుల్లయ్య పని. గొట్టాల్లో తిరిగేది నీళ్లను గడ్డకట్టించే అమ్మోనియా గ్యాసు. ఏ అతుకు దగ్గర కారినా కళ్లు మండుతాయి, ఊపిరాడదు. పుల్లయ్య ఒక్కసారి ఎగబీల్చి "ఈడ కారుతాండాది" అన్నాడంటే యజమాని మారుమాట లేకుండా అక్కడ మరలు బిగించమనేవాడు. అందరూ ఆయన్ని ముక్కు పుల్లయ్య అనేవారు. ఆ పేరు వింటే చాలు, మనిషి ఉబ్బి తబ్బిబ్బయ్యేవాడు.

పందొమ్మిది వందల యాభయ్యారు ఎండాకాలంలో, మద్రాసులో పని నేర్చిన దావీదురాజు వచ్చి చేరాడు. గంధకం పూసిన వత్తి వెలిగించి అతుకుల వెంట తిప్పుతాడు. గ్యాసు ఉన్నచోట తెల్లటి పొగ లేస్తుంది. అంతే, అదే వాడి విద్య! యజమాని వాడి భుజం తట్టినప్పుడల్లా పుల్లయ్యకు కడుపు రగిలిపోయేది. వాడి ఇస్త్రీ చొక్కా చూస్తే మంట, వాడు నవ్వితే మంట.

ఒకరోజు పుల్లయ్య వాసన చూసి బాగుందన్న వాల్వు దగ్గరే వత్తి గుప్పున తెల్లటి పొగ వదిలింది.

"పుల్లయ్యన్నా, ఈడ కారుతాండాది."

"నీ పీలికకు తెలిసింది నా ముక్కుకు తెలీదా?"

పంతంగా వాల్వుకు ముఖం ఆనించి గుండెల నిండా పీల్చాడు. వాసన రాలేదు, మంట మాత్రం వచ్చింది. కళ్ల వెంట ధారలు. తెరలు తెరలుగా దగ్గు. దావీదురాజు ఆయన్ని బయటికి లాక్కొచ్చి కళ్లమీద కుండెడు నీళ్లు పోశాడు.

"ఇన్నేండ్లు ఈ గ్యాసు పీల్చి నీ ముక్కు చచ్చిపోయిండాదన్నా. రొమ్ము గూడా చెడిపోతాది. యజమానికి నేను చెప్పన్లే."

ఆ జాలి పుల్లయ్యకు గ్యాసుకన్నా ఘాటుగా తగిలింది.

"నాకు జలుబు చేసిండాది, అంతే" అని లేచి ఇంటికి పోయాడు.

కళ్లమీద తడిగుడ్డ వేసుకుని పొయ్యి పక్కనే గోడకు చేరగిలబడ్డాడు. భార్య గురమ్మ పెనం మీద జొన్నరొట్టె వేసి నీళ్లకని పెరట్లోకి పోయింది. అంతలోనే పరుగెత్తుకొచ్చింది.

"మాడు వాసన పెరటిదాకా వస్తాండాది! పక్కనే ఉండావు, నీకు తెలీలేదా?"

పుల్లయ్య గుడ్డ తీసి, నల్లగా మాడిన రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. గాలి బాగానే ఆడుతోంది, జలుబు లేదు. వాసనా లేదు.

తలెత్తి గురమ్మ ముక్కు వంక చూశాడు. ముప్పయ్యేళ్లు కాపురం చేసిన మనిషిని చూసి ఆయన కుళ్లుకోవడం అదే మొదలు.